బ్రాడీపేటలో ఆదివారం డ్రాయింగ్ క్లాసు, మా పాప గీసిన మిరపకాయ

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. పొద్దున లేస్తే టిక్కీల్లోంచి, అంటే మిర్చి బస్తాల్లోంచి, కాయలు తీసి అరచేతిలో పోసుకుని చూడటమే పని. రంగు పోయిన తాలు కాయ ఎక్కడ దాక్కున్నా దొరుకుతుంది నాకు. అలాంటి నేను మా అయిదేళ్ళ పాప వేసిన మిరపకాయ బొమ్మ దగ్గర కాసేపు ఆగిపోయాను. అందుకే ఈ రివ్యూ.

ముందు పాత కథ. పోయిన ఎండాకాలం ఒక సమ్మర్ క్యాంపులో రెండు వేలు కట్టి చేర్పించాం. పేరెందుకులెండి. పది రోజులకి పది బొమ్మలు తెచ్చింది, అన్నీ అచ్చేసిన బొమ్మలే, గీత దాటకుండా రంగు నింపడమే పిల్లల పని. గేటు దగ్గర పిల్లలందరి చేతుల్లోనూ ఒకటే వంకాయ! ఇంట్లో తెల్లకాగితం ఇచ్చి "వంకాయ వెయ్యమ్మా" అంటే, "కాగితం మీద ముందే ఉంటే వేస్తా నాన్నా, లేకపోతే నాకు రాదు" అంది. ఆ మాటకి మా ఆవిడ నవ్వింది కానీ నాకు మాత్రం రెండు వేలూ గుర్తొచ్చాయి.

ఇప్పుడు వెళ్తున్నది బ్రాడీపేటలో ఒక మేడ మీద వరండా. హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మాస్టారు. బోర్డు లేదు, పాంప్లెట్ లేదు. నెలకి నాలుగు ఆదివారాలు, ఆరు వందలు. శని, ఆదివారాలు యార్డుకి సెలవు కాబట్టి నేనే తీసుకెళ్తా. చాప మీద ఎనిమిది మంది పిల్లలు.

మొదటి రోజు కాగితమే ఇవ్వలేదు. సుద్దముక్క ఇచ్చి నేల మీద పెద్ద పెద్ద సున్నాలు చుట్టించారు. "మణికట్టు కాదమ్మా, భుజం తిప్పు, మీ అమ్మ ముగ్గేసినట్టు." ఇదేం చదువని నాకు కొంచెం చిరాకేసింది. అడిగితే చెప్పారు. చూసి గీయడం చాలామంది పిల్లలకి ఒక వరసలో వస్తుందట: మూడేళ్ళకి సున్నా, నాలుగు దాటాక నలుచదరం, అయిదుకి త్రిభుజం. కాబట్టి సున్నాతో మొదలెట్టి టమాటా, దాన్ని సాగదీసి వంకాయ, ఆ తర్వాతే మిరపకాయ.

మిరపకాయ రోజు చూడాలి. ఒక్కొక్కరి చేతిలో ఒక పండుమిరపకాయ పెట్టి, పది నిమిషాలు క్రేయాన్ ముట్టుకోనివ్వలేదు. తొడిమ ఎటు వంగింది? పచ్చటోపీ కాయ మీదకి ఎంతదాకా దిగింది? ముక్కు ఎటు తిరిగింది? తర్వాత గీత. ముందు వంకర పుల్లలాగా తొడిమ, దాని కింద చిన్న టోపీ, టోపీ రెండు చివర్ల నుంచి రెండు గీతలు. రెండూ ఒకేవైపు వంగుతూ దిగి ముక్కు దగ్గర కలవాలి. "చెరో వైపు ఉబ్బితే వంకాయ అయిపోద్ది నాన్నా" అని ఒక బాబు కాగితం చూపించారు. నిజంగానే ఎర్ర వంకాయ!

రంగు దగ్గర ఇంకో సంగతి. కాయని పిట్టగోడ దాకా తీసుకెళ్ళి ఎండలో తిప్పించారు. ఒంటి మీద తెల్లగా ఒక మెరుపు గీత కనిపిస్తుంది కదా, అక్కడ రంగు వెయ్యొద్దు, కాగితం అలాగే వదిలెయ్యమన్నారు. మా పాప మెరుపు మిగతావాళ్ళకి ఎదురువైపు వచ్చింది. నేను సరిదిద్దబోతే మాస్టారు నన్ను ఆపి, "నీ కాయ మీద అక్కడే ఉందామ్మా?" అని దాన్నే అడిగారు. ఉందంది. "అయితే అక్కడే."

ఆ వారం యార్డు నుంచి తేజ రకం కాయ ఒకటి, బాడిగ రకం కాయ ఒకటి జేబులో వేసుకొచ్చి ఇచ్చా. తేజని సన్నగా, నున్నగా వేసింది. బాడిగకి ఒళ్ళంతా ముడతలు పెట్టింది, ఎవరూ చెప్పకుండానే. మర్నాడు కొట్లో ఆ కాగితం చూపిస్తే మా తూకం మనిషి ఒక్క చూపులో "ఇది బాడిగ" అన్నాడు.

లోపాలు కూడా రాయాలి. మేడ మీద కుళాయి లేదు. మిరపకాయ రోజు ఒక బాబు కాయ గిల్లి అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు, వీధి దద్దరిల్లింది. ఉత్త నీళ్ళకి కారం పోదు. చేతికి ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి, ఇది మా యార్డు అనుభవం. చిన్నపిల్లలకి కారం తక్కువుండే బజ్జీ మిరపకాయ ఇవ్వొచ్చు కదా అంటే, "గుంటూరు పిల్లలకి బజ్జీ మిరపకాయేంటయ్యా" అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు, ఒక స్టార్ అక్కడే తీసేశా. పోటీలు, సర్టిఫికెట్లు కావాలనుకునేవాళ్ళకి ఇక్కడేం దొరకదు. తొమ్మిదిన్నర అంటే పది అవుతుంది.

మాస్టారు ఫోన్ ఎత్తరు. నేరుగా వెళ్ళి కింద గేటు దగ్గర పిలవాలి. చెప్పులు మొదటి మెట్టు దగ్గరే విప్పండి, పైన నేలంతా పిల్లల సుద్దబొమ్మలుంటాయి. పిల్లల జేబులో తడిగుడ్డ ఒకటి పెట్టి పంపండి.