పర్లాకిమిడి ఆఫీసులో ఐదు బీఎల్‌డీసీ ఫ్యాన్లు: పద్నాలుగు నెలల తర్వాత

మా వరండాలో జనరేటర్ మీద టార్పాలిన్ కప్పి ఏడాది దాటింది. అసలు చెప్పాల్సిన సంగతి అదే. కానీ పాతవి తీసేసి పెట్టిన బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు, తక్కువ కరెంటుతో తిరిగేవి) ఫ్యాన్లు ఎలా ఉన్నాయని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. నోటికొచ్చిన తెలుగులోనే రాస్తాను, ఆయన ఏమీ అనుకోరు.

మాది పన్నుల లెక్కలు చూసే చిన్న ఆఫీసు. ఒక హాలు, సార్ గది, వెనక వరండా, ఐదుగురం మనుషులం. ఏసీ సార్ గదిలోనే. నెలలో పదకొండో తారీకూ ఇరవయ్యో తారీకూ జీఎస్టీ రిటర్నులు, జూలై నెలాఖరుకి ఇన్‌కమ్ టాక్స్. కరెంటు కూడా సరిగ్గా ఆ రోజులే చూసుకుని పోతుంది.

2024 జూన్ 5న, పర్యావరణ దినం నాడు, సార్‌కి పర్యావరణం మీదికి మనసు మళ్ళింది. అంతకుముందు ఏడాది ఇలాగే మళ్ళినప్పుడు 'కాగితం పొదుపు చేయండి' అని రంగుల్లో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, నాలుగు గోడలకీ అంటించారు. ఈసారి అలా కాదు, డబ్బు పెడతాను, ఏం చేస్తే పనికొస్తుందో నువ్వే చూడమన్నారు. నేను మొదట చూసింది మీటరు కాదు, జనరేటర్ పెట్రోలు రసీదులు. 2023 జూలై ఒక్క నెలలో ఇరవై లీటర్లకి పైగా పోశాం. దాని పొగ వరండా కిటికీలోంచి తిన్నగా నా కుర్చీ దగ్గరికి వచ్చేది. ఆ మోతలో క్లయింటు ఫోను చేస్తే 'ఆఁ? ఆఁ?' తప్ప మరో మాట ఉండేది కాదు.

ఇన్వర్టర్ లేక కాదు. ఉంది, కానీ మోయలేకపోయేది. పాత ఫ్యాన్లు ఐదు, ఒక్కోటీ 75 వాట్లు. పాత ట్యూబ్‌లైట్లు నాలుగు, చోక్‌తో కలిపి ఒక్కోటీ దగ్గర దగ్గర 50. కంప్యూటర్లకి ఇంకో రెండు వందలు. అన్నీ కలిపితే 775 వాట్లు. మా చిన్న ఇన్వర్టర్ అంత లోడు చూడగానే కుయ్యిమని ఆగిపోయేది. అందుకని కరెంటు పోగానే ఫ్యాన్లు ఆపేసేవాళ్ళం. పావుగంట చెమటలు కక్కి, చివరికి జనరేటర్ తాడు లాగేవాళ్ళం.

మామూలు ఫ్యాన్‌లో తిరిగే భాగానికి అయస్కాంత బలం కూడా కరెంటుతోనే పుట్టించాలి. అందులో కొంత వేడిగా పోతుంది. రోజంతా తిరిగిన పాత ఫ్యాన్ మోటారు మీద చెయ్యి పెడితే ఆ వృథా ఎంతో తెలుస్తుంది. బీఎల్‌డీసీలో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలే బిగించి ఉంటాయి. లోపలున్న చిన్న సర్క్యూట్ బోర్డు ఏసీని డీసీగా మార్చి, చుట్లకి వంతులవారీగా కరెంటు ఇస్తుంది. మేం తీసుకున్నది ఫుల్ స్పీడులో 30 వాట్లు. ఒకటో నంబరు మీద పెడితే ఐదారు వాట్లకి మించదు.

మాది ఒడిశా వైపు, మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఈ ఊళ్ళో దొరకని రంగు దారపుండ కోసం కూడా వంతెన దాటే అలవాటు మాకు. ఫ్యాన్లు అక్కడి షాపులోనే కొన్నాం. ఒక్కోటీ 2,950, పన్నుతో కలిపి. మామూలు ఫ్యాన్ అప్పుడు పదహారు వందలుండేది. పన్నుల ఆఫీసువాళ్ళం కదా, షాపాయన ఆంధ్రా పన్ను వేసి బిల్లు రాయబోతే ఆపి, మా ఒడిశా జీఎస్టీ నంబరిచ్చి, రాష్ట్రం దాటే అమ్మకానికి వేసే ఐజీఎస్టీ వేయించాను. "ఐదు ఫ్యాన్లకి ఇంత లెక్కేటమ్మా" అన్నాడు. షాపాయన మర్యాదస్తుడే, ఫ్యాన్ విప్పి తిప్పి చూపించాడు. కానీ పాత రెగ్యులేటర్ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. దాని కథ కింద వస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పే మంచీ చెడూ చాలావరకు ఈ రకం ఫ్యాన్లన్నిటికీ ఉన్నవే.

ముందు మంచి చెబుతాను. అదే వారంలో ట్యూబ్‌లైట్లు కూడా 20 వాట్ల ఎల్‌ఈడీలకి మార్చాం. ఇప్పుడు కరెంటు పోతే ఫ్యాన్లకి 150, లైట్లకి 80, కంప్యూటర్లకి 200, మొత్తం 430 వాట్లు. అదే ఇన్వర్టర్, అదే 150 ఏహెచ్ బ్యాటరీ, మూడు గంటలు లాగుతోంది. ఇంకో సంగతి, మాది పాత రకం ఇన్వర్టర్. దాని మీద పాత ఫ్యాన్లు తుమ్మెద గదిలో దూరినట్టు ఝుమ్మనేవి. వీటికి ఆ రొద లేదు. మొదటిసారి కరెంటు పోయినప్పుడు ఎవరూ గమనించలేదంటే నమ్మండి. పదినిమిషాలయ్యాక అటెండరు బాబాయ్ బయటినుంచి వచ్చి "ఈదంతా కరెంటు నేదమ్మా, మనకేటి ఉంది?" అని అడిగితే తెలిసింది. 2024 జూలైలో జనరేటర్‌కి పోసింది రెండు లీటర్లు. 2025 జూలైలో అసలు తాడే లాగలేదు.

రెండోది లో వోల్టేజీ. సాయంత్రం ఆరయ్యేసరికి మా వీధిలో 170కి దిగిపోతుంది. పాత ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టొచ్చు అప్పుడు. ఇవి మధ్యాహ్నం ఎలా తిరిగాయో సాయంత్రమూ అలాగే తిరుగుతాయి. సముద్రం గాలి అందనంత దూరం, కొండల ఉక్క మాత్రం అందేంత దగ్గర మా ఊరు. ఇక్కడ దీని విలువ బిల్లులో కనబడదు.

బిల్లు సంగతికొస్తే, 2024 మేలో 412 యూనిట్లు, 2025 మేలో 338. అంటే 74 యూనిట్లు తగ్గాయి. కాగితం మీద నేను వేసుకున్న లెక్క ప్రకారం ఫ్యాన్లకి 56, లైట్లకి 27, మొత్తం 83 తగ్గాలి. ఆ తొమ్మిది ఎక్కడ పోయాయని వెతికితే దొరికింది. ఈ ఫ్యాన్లకి చప్పుడుండదు. పాతవి ఆపడం మరిచిపోతే, తాళం వేస్తూ ఉండగా కిర్రుకిర్రుమని అవే గుర్తుచేసేవి. ఇవి శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా ఖాళీ కుర్చీలకి గాలి విసిరినా ఎవరికీ తెలియదు. అలా మూడు ఆదివారాలు జరిగింది. ఇప్పుడు హాలు మొత్తానికి తలుపు పక్కన ఒకే మెయిన్ స్విచ్ పెట్టించాం, వెళ్ళేటప్పుడు దాన్ని దించడమే.

ఇక చెడ్డ. రిమోట్!

ఐదు ఫ్యాన్లకి ఐదు రిమోట్లు ఇచ్చారు. ఐదూ ఒకే మోడల్. అంటే ఏ రిమోట్ నొక్కినా ఎదురుగా ఉన్న ఫ్యాన్లన్నీ వింటాయి. కాశీనగర్ వైపునుంచి వచ్చే పెద్దాయన ఒకరు, బియ్యం వ్యాపారం, జలుబు మనిషి. కూర్చోగానే "ఆజ్ఞా, పంఖా టికే కమ్ కరన్తు" అంటారు. ఆయన మీది ఫ్యాన్ తగ్గిస్తే పక్కన కంప్యూటర్ అమ్మాయి మీదిదీ తగ్గేది. ఆ అమ్మాయి తన రిమోట్ తీసి పెంచేది. పెద్దాయన మఫ్లర్ సర్దుకునేవారు. నేను మళ్ళీ తగ్గించేదాన్ని. చివరికి బాబాయే ఉపాయం కనిపెట్టాడు. ఒకవైపు వాడేసిన పాత చలానా కాగితాన్ని గొట్టంలా చుట్టి రిమోట్ మూతికి తొడిగాడు. ఫ్యాన్ కిందికి వెళ్ళి ఆ గొట్టం నిటారుగా పైకి చూపించి నొక్కితే అదొక్కటే వింటుంది. కొత్త క్లయింట్లు మేం పైకప్పు మీద పిట్టల్ని గురిచూస్తున్నామనుకుంటారు.

రిమోట్‌కి రెండేసి సన్న సెల్లులు. ఐదింటికీ పది. ఏడాదికోసారి ఆ పదీ చెత్తలోకే కదా, పర్యావరణం పేరు చెప్పి కొన్న వస్తువుకి ఇదొక వెటకారం. గోడ రెగ్యులేటర్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లు కూడా ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. పదిమంది కూర్చునే హాలుకి అవే కొనండి. రిమోట్ రకం పడకగదికి సరిపోతుంది.

పాత రెగ్యులేటర్ కథ ఇది. రిమోట్ రకానికి గోడమీది పాత రెగ్యులేటర్ లైన్లో ఉండకూడదు, తీసేసి తిన్నగా కలపాలి. మా మిస్త్రీ నాలుగింటికి తీశాడు, ఐదోదానికి మరిచాడు, ఎవరో దాన్ని రెండు మీద తిప్పి వదిలేశారు. ఫ్యాన్ లైటు మిణుకుమిణుకుమంది, మూడు వారాలకి ఆగిపోయింది. బోర్డు కాలిందన్నారు. మామూలు ఫ్యాన్ ఆగితే వీధి చివర మిస్త్రీ కెపాసిటర్ మార్చి, నిచ్చెన దిగేలోపు తిప్పి చూపిస్తాడు, వందలోపు ఖర్చు. దీనికి అలా కుదరదు. ఏ కంపెనీ బోర్డు ఆ కంపెనీదే, మా ఊళ్ళో దొరకదు. వారంటీ కింద ఫోన్లో ఫిర్యాదు రాసుకున్నారు. ఆ ఇంగ్లీషు, హిందీ మెనూల్లో నంబర్లు నొక్కుతూ నేను రెండు పూటలు గడిపాను. మనిషి వచ్చింది పంతొమ్మిదో రోజున. వచ్చాక పని అరగంటే. డబ్బు తీసుకోలేదు, ఆ మాట చెప్పాలి. వారంటీ అయిపోయాక ఇదే జరిగితే బోర్డు కోసం ఎన్నాళ్ళు చూడాలోనని నాకు బెంగగానే ఉంది. బాగుచేయించుకోలేని వస్తువుని పచ్చ వస్తువనడానికి నాకు నోరు రాదు.

డబ్బు తిరిగొస్తుందా అని అందరూ అడుగుతారు. బిగింపుతో కలిపి 15,500 అయింది. ఫ్యాన్ల వల్ల నెలకి 56 యూనిట్లు మిగిలితే, యూనిట్ ఏడు రూపాయల లెక్కన 392. చలికాలం రెండు నెలలు తీసేస్తే ఏడాదికి 3,920. అంటే నాలుగేళ్ళు. అందుకని, పాత ఫ్యాన్ బాగా తిరుగుతుంటే బిల్లు కోసమని పీకేయకండి. కాలిపోయి చుట్లు మార్పించాల్సి వచ్చినప్పుడు కొనండి. అప్పుడు మీరు ఎక్కువ పెట్టేది పదమూడు వందల యాభయ్యే, రెండేళ్ళలోపే వచ్చేస్తుంది. జనరేటర్ ఉన్నవాళ్ళ లెక్క మాత్రం వేరు. మాకు పెట్రోలు ఖర్చు కలిపితే రెండేళ్ళు పట్టదు.

కొనేటప్పుడు డబ్బా మీద వాట్లొక్కటే చూడకండి, గాలి అంకె (నిమిషానికి ఎన్ని ఘనమీటర్ల గాలి ఇస్తుందో) కూడా చూడండి. మాది 220. అంతకన్నా బాగా తక్కువున్నవి కరెంటు తక్కువ తాగుతాయి, గాలీ తక్కువే ఇస్తాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి, ఆ లేబుల్ లేనిది ఎవరైనా అంటగడితే వదిలేయండి.

పాత ఐదు ఫ్యాన్లు ఏమయ్యాయో కూడా చెప్పాలి. రెండు తుక్కుకి వెళ్ళాయి, రాగి ధరకి. ఒకటి బాబాయ్ ఇంటికి. ఒకటి మా అత్తగారు ఆవులపాకలో పెట్టించుకున్నారు. "ఆవుకి చల్లగుంటే పాలెక్కువిస్తాదే" అని ఆవిడ లెక్క. అంటే మేం ఆఫీసులో ఆదా చేసిన 45 వాట్లు, ఇంకో 30 చేర్చుకుని పాకలో తిరుగుతున్నాయి. సార్‌కి ఈ సంగతి చెప్పలేదు. ఐదోది అటక మీద ఉంది. పాత ట్యూబ్‌లైట్లూ అక్కడే. వాటిలో పాదరసం ఉంటుంది, మామూలు చెత్తలో పగలగొట్టి వేయకూడదు. తీసుకునేవాళ్ళు ఊళ్ళో ఇంకా దొరకలేదు.

ఫ్యాన్లతో పాటే టీ కప్పులూ మార్చాం. పేపర్ కప్పుకి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, కాగితం కదా అని మురిసిపోవడానికి లేదు. స్టీలు గ్లాసులు పన్నెండు కొన్నాం. కడిగే వంతు ఎవరిదనే తగువు ఇంకా తేలలేదు కాబట్టి దాని మీద ఇప్పుడే తీర్పు చెప్పను. దీపావళి పూజ భోజనాలకి మాత్రం ఎప్పుడూ అడ్డాకుల విస్తళ్ళే. కొండమీది వాళ్ళు సంతలో కట్టలు కట్టి అమ్ముతారు, తిన్నాక గొయ్యిలో వేస్తే మట్టిలో కలిసిపోతాయి. అదొక్కటీ మేం జూన్ 5 కోసం నేర్చుకున్నది కాదు.

మార్కులంటే ఐదుకి నాలుగు. ఒకటి రిమోట్‌కీ బోర్డుకీ కలిపి కోసేశాను. వచ్చే నెల వరండాకి ఆరో ఫ్యాన్ కొంటున్నాం, గోడ రెగ్యులేటర్ రకం. దానికి చోటు కావాలంటే జనరేటర్ కదపాలి. రెండువేల ఎనిమిదో ఏటిది, బాగానే స్టార్టవుతుంది. పాతపట్నం దాకా అయితే బాబాయే తోపుడు బండి మీద దింపుతానంటున్నాడు, కావలసినవాళ్ళు చెప్పండి.