లాంగ్ కోవిడ్ బ్రెయిన్ ఫాగ్‌కి సెర్ట్రలిన్ మంచిదా, తక్కువ డోసు నాల్‌ట్రెక్సోనా?

కోవిడ్ తగ్గి నెలలైంది. అదే మెయిల్ నాలుగోసారి చదువుతున్నారు, తెలిసిన పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది (ఈ మసకే బ్రెయిన్ ఫాగ్), పైగా దిగులు. లాంగ్ కోవిడ్ కోసమే ఆమోదం పొందిన మందు లేదు కాబట్టి ఈ రెండూ వేరే జబ్బుల నుంచి అరువు తెచ్చుకున్నవే.

అసలు పని: సెర్ట్రలిన్ డిప్రెషన్, ఆందోళనలకు. నాల్‌ట్రెక్సోన్ 50 మి.గ్రా. మద్యం, ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి మందులు) వ్యసనాలకు. ఇక్కడ వాడేది 4.5 మి.గ్రా. లోపే.

ఖర్చు, శ్రమ: సెర్ట్రలిన్ జెనరిక్‌గా చవకగా దొరుకుతుంది. నాల్‌ట్రెక్సోన్ చిన్న డోసు సాధారణంగా ఫార్మసీలో విడిగా తయారు చేయించాలి, ఖర్చూ తిప్పలూ అక్కడే.

ఆధారాలు: 2023లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు కొందరు లాంగ్ కోవిడ్ రోగుల్లో సెరటోనిన్ (మూడ్‌తో సంబంధమున్న రసాయనం, సెర్ట్రలిన్ మెదడులో దీని ప్రభావాన్నే పెంచుతుంది) తగ్గినట్టు చూపారు. అంతమాత్రాన సెర్ట్రలిన్ ఫాగ్‌ని తీసేస్తుందని కాదు, చాలామంది ఇక్కడే తొందరపడతారు. నాల్‌ట్రెక్సోన్‌తో అలసట, ఏకాగ్రత మెరుగైనట్టు చిన్న పరిశీలనలు చెప్పాయి. నా లెక్కలో అది ఆశే, రుజువు కాదు.

రిస్క్: సెర్ట్రలిన్‌తో మొదట వికారం, తర్వాత లైంగిక ఇబ్బందులు రావచ్చు, ఉన్నట్టుండి ఆపకూడదు. ట్రమడాల్ అనే నొప్పి మందుతో కలిస్తే ప్రమాదం. 25 ఏళ్లలోపు వాళ్లని మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనల విషయంలో కనిపెట్టుకుని ఉండాలి. నాల్‌ట్రెక్సోన్‌తో విచిత్రమైన కలలు, నిద్ర చెదరడం. ఓపియాయిడ్ నొప్పి మందులు వాడేవాళ్లకు అసలు పనికిరాదు. ఆపరేషన్ ఉంటే ముందే చెప్పాలి.

దిగులు, ఆందోళనలే ముందుంటే సెర్ట్రలిన్, నాలుగు నుంచి ఆరు వారాల ఓపికతో. మనసు బాగానే ఉండి ఫాగ్, అలసటే పీడిస్తుంటే, ఓపియాయిడ్లు వాడకపోతే, నాల్‌ట్రెక్సోన్ గురించి డాక్టర్ని అడగొచ్చు.