ముల్లింగర్ జాతర, మాంక్స్‌టౌన్ సాయంత్రం

ఐర్లండ్ బళ్లలో చిన్నపిల్లలకు టిన్ విజిల్ అనే చిన్న లోహపు పిల్లనగ్రోవి నేర్పుతారు. మా అమ్మాయి ఏడాదిపాటు ఒకే పాట వాయించి మా చెవులు చిల్లులు పొడిచింది. అసలు ఈ సంగీతం చేయి తిరిగినవాళ్లు వాయిస్తే ఎలా ఉంటుందో విందామని 2023 ఆగస్టులో ముల్లింగర్ అనే ఊరికి బయల్దేరాం. ఆ ఏడాది అక్కడ జరిగింది ఫ్లా. సంప్రదాయ సంగీతానికి ఊరంతా చేసే జాతర అనుకోండి. నడిపేది కోల్తస్ అనే సంఘం.

డబ్లిన్ కొనలీ స్టేషన్లో స్లైగో రైలెక్కితే గంటా పావులో దిగొచ్చు. మేం దెబ్బ తిన్నది బస దగ్గర. ఊళ్లో గదులన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఊరి బయట దొరికిన గదికి మామూలు రోజుల రేటుకు మూడింతలు కట్టాం. తీరా చూస్తే వేడినీళ్లు లేవు, అడిగితే ‘ఫ్లా కదండీ’ అన్నాడు యజమాని. పోనీ పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేద్దామంటే, సెషన్లు, అంటే నలుగురూ చేరి వాయించే కూటాలు, ముదిరే వేళకి తిరుగు రైలు ఉండదు. ఫ్లాకి వెళ్లేవాళ్లు ఆర్నెల్ల ముందే గది చూసుకోండి. టెంటు ఉంటే ఇంకా నయం.

వీధుల్లోకి వచ్చాక ఆ చిరాకంతా పోయింది. ఆలివర్ ప్లంకెట్ స్ట్రీట్‌లో పదేళ్ల పిల్ల కాన్సర్టీనా (చేతుల్లో పట్టుకుని నొక్కే చిన్న హార్మోనియం లాంటిది) వాయిస్తుంటే, తాత వయసున్న పెద్దాయన పక్కన కూర్చుని ఫిడేలు అందుకున్నాడు. ఒకరికొకరు తెలియదని తర్వాత తెలిసింది. దారి చూపేది, చెత్త ఏరేది పసుపు జాకెట్ల వాలంటీర్లు. వాళ్లలో ఒకావిడని కదిపితే ఊరి గొప్ప మొదలుపెట్టింది: ‘ఇది పుట్టింది ఇక్కడే.’

నిజమే. 1951లో డబ్లిన్‌లోని పైప్స్ వాయించేవాళ్ల సంఘం, పైపర్స్ క్లబ్ వాళ్లు ముల్లింగర్ వచ్చి, ఇక్కడి సంగీతకారులతో కూర్చుని మాట్లాడారు. ఆ ఏడాదే మొదటి ఫ్లా జరిగింది, కోల్తస్ సంఘమూ పుట్టింది. అప్పటికి ఈ సంగీతం పరిస్థితి ఏం బాగాలేదు. 1935లో వచ్చిన చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా డాన్సులు పెట్టకూడదు. దాంతో వంటింట్లో, కూడలిలో నలుగురూ చేరి చేసే డాన్సులు తగ్గాయి. కుర్రాళ్లేమో పనికోసం ఇంగ్లండ్ పడవెక్కారు. మొదటి ఫ్లాకి వచ్చింది కొన్ని వందల మందే. ఇప్పుడు లక్షల్లో వస్తారు, దేశదేశాల్లో కలిపి శాఖలు 400 దాటాయి. ఆ శాఖల్లో హాలు తాళం తీసేవాళ్లూ, లెక్కలు రాసేవాళ్లూ ఎక్కువమంది జీతం లేనివాళ్లే. 1971లో మాత్రం, ఉత్తర ఐర్లండ్‌లో విచారణ లేకుండా మనుషుల్ని నిర్బంధిస్తున్నారని నిరసనగా ఫ్లానే మానుకున్నారు. సంగీత సంఘం అంత మాట అనగలిగిందంటే నాకు ఆశ్చర్యమే.

పోటీల టికెట్లకు పెట్టిన డబ్బు దండగ కాలేదు. వాయిద్యం లేకుండా నోటితోనే వరస పలికించే లిల్టింగ్‌కి కూడా పోటీ ఉంది. మా ఆయన దానికి పడిపోయాడు. నేనైతే ఐర్లండ్ తిత్తి వాయిద్యం ఇల్లిన్ పైప్స్ దగ్గర ఆగిపోయాను. మన పల్లెల్లో శ్రుతికి ఊదే తిత్తి గుర్తుందా? దాన్లో నోటితో గాలి నింపుతారు. ఇక్కడ కూర్చుని, మోచేతి కింద కొలిమితిత్తి లాంటిది నొక్కుతూ వాయిస్తారు. దీనికి వేరే సంఘమే ఉంది, 1968లో మొదలైంది. డబ్లిన్ హెన్రియెట్టా స్ట్రీట్ 15వ నంబరు పాత భవనం వాళ్లది. 2017లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన కళ ఇది.

ఫ్లా రద్దీ పడనివాళ్లు డబ్లిన్‌లోనే మాంక్స్‌టౌన్ వెళ్లండి. బెల్‌గ్రేవ్ స్క్వేర్‌లో కోల్తస్ ప్రధాన కార్యాలయం ఉంది, డార్ట్ అనే లోకల్ రైలెక్కి సీపాయింట్ స్టేషన్లో దిగి నడిచిపోవచ్చు. నెల తర్వాత ఒక సాయంత్రం సంగీతం వినడానికి మేమూ వెళ్లాం. టికెట్ తక్కువ, కుర్చీలు గట్టివి, సంగీతం మాత్రం ముల్లింగర్ వీధుల్లో కన్నా శుభ్రంగా వినిపించింది. నాకు ఓటు దీనికే. ఒక్క జాగ్రత్త: సెషన్లో వాయించేవాళ్ల పక్కన ఖాళీ కుర్చీ కనిపిస్తే కూర్చోకండి, అది రాబోయే వాయిద్యానిది. నేను కూర్చున్నాను. ఫిడేలు పట్టుకుని వచ్చినాయన ఏమీ అనలేదు గానీ, ఆ నవ్వు చూసి లేచిపోయాను.

టీ విరామంలో మా అమ్మాయి సంచిలోంచి విజిల్ తీసింది. మళ్లీ అదే పాట. ఎదురుగా ఉన్న ముసలావిడ బిస్కెట్ పక్కన పెట్టి, కాలితో తాళం వేసింది.