బోటులో పాత సబ్‌వూఫర్ తీసి జేఎల్ ఆడియో ఎం6 పెట్టించాం, ఎలా ఉందంటే

ముందే చెప్తున్నా, పెట్టిన డబ్బులు దండగ కాలేదు. ములుగు వైపు ఒక చెరువులో మా బావ పర్మిషన్ తీసుకుని టూరిస్టు బోటు నడుపుతాడు. ఫైబర్ బోటు, పైన గుడ్డ టాపు, వెనకాల అవుట్‌బోర్డ్ ఇంజిన్, పదిమంది దాకా కూర్చోవచ్చు. దాంట్లో పాత సబ్‌వూఫర్ (బేస్, అంటే కింది స్వరాలు వినిపించే స్పీకర్, ముద్దుగా సబ్) తీసేసి జేఎల్ ఆడియో వాళ్ల ఎం6-10ఐబీ పెట్టించాం. 10 అంగుళాలు, 4 ఓమ్స్, మెరైన్ మోడల్, అంటే బోట్ల కోసం చేసింది. ఎండాకాలం సెలవుల రద్దీ, తర్వాత వానలు రెండూ చూసింది కాబట్టి ఇప్పుడు దాని గురించి గట్టిగా మాట్లాడొచ్చు.

పాతది కారు కోసం చేసిన సబ్. పేపర్ కోన్ (కదిలి శబ్దం చేసే గరాటు), ఎండీఎఫ్ అనే చెక్కపొట్టు పలకతో చేసిన డబ్బా, సీటు కింద పెట్టి ఉండేది. బోటు కొన్నప్పుడే అది అందులో ఉంది. విప్పి చూస్తే డబ్బా అడుగు నానిన మినప్పప్పులా ఉబ్బి, గోరుతో గీకితే పొడి రాలుతోంది. కోన్ అంచు దగ్గర జిగురు ఊడి ఒక పక్క లేచింది, మ్యాగ్నెట్ వెనకాల తుప్పు. మంచినీళ్ల చెరువే కదా, ఉప్పు లేదు కదా అని చాలామంది అనుకుంటారు. ఉప్పు లేకపోయినా పొద్దంతా ఎండ, రాత్రంతా తేమ, మధ్యలో నీటి తుంపర, ఈ మూడూ చాలు. మెరైన్ సబ్‌కి కోన్ ప్లాస్టిక్ రకం ఉంటుంది, చుట్టూ రబ్బరు ఎండకు పగలకుండా ఉంటుంది, వైర్లు తగిలించే టెర్మినళ్లు తుప్పుకు తట్టుకునేలా చేస్తారు. పేరుకు మెరైన్ అని స్టిక్కర్ వేసి అమ్మేవి కూడా ఉన్నాయి, కాబట్టి కోన్, గ్యాస్కెట్ (అంచు చుట్టూ సందు మూసే పట్టీ), టెర్మినళ్లు స్వయంగా చూసి తీసుకోండి.

ఇంకో సంగతి, బోటులో బేస్ ఎందుకు వినపడదో చాలామందికి అర్థం కాదు. కారులో అద్దాలు ఎక్కిస్తే ఆ చిన్న గదే కింది స్వరాలను పైకి లేపుతుంది. బోటుకు నాలుగు వైపులా ఆకాశమే. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, పట్టుకుని వెనక్కి పంపే గోడ ఉండదు. పైగా ఇంజిన్ మోత, గాలి హోరు రెండూ కింది స్వరాల్లోనే కూర్చుంటాయి. అప్పుడు అందరూ చేసే పని బేస్ నాబ్ మొత్తం తిప్పడం. ఆంప్ (స్పీకర్లకు బలం ఇచ్చే యాంప్లిఫయర్) చేతకాక శబ్దం గీరుకుపోతుంది, సబ్ లోపలి తీగచుట్ట, అదే కాయిల్, కాలిపోతుంది. ఇంకో సలహా కూడా అందరి నోటా వింటాం: డబుల్ వాట్ల ఆంప్ పెట్టెయ్యి అని. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంతే. అదే డబ్బు సరైన సబ్ మీద, దాన్ని బిగించే పద్ధతి మీద, వైర్ల మీద పెడితే తేడా చెవికి తెలుస్తుంది.

ఎం6లో రెండు రకాలు దొరుకుతాయి, ఆర్డర్ పెట్టేటప్పుడు చివరి అక్షరాలు చూసుకోవాలి. 10డబ్ల్యూ అని ఉంటే అది డబ్బాలో పెట్టేది. 10ఐబీ అంటే డబ్బా అక్కర్లేనిది, బోటు లోపలి ఖాళీనే డబ్బాగా వాడుకుంటుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పని మాత్రం వేరు. బోటులో డబ్బాకి చోటెక్కడిది, అందుకే మేము ఐబీ తీసుకున్నాం. కాకపోతే దీనికి ఒక షరతు ఉంది. కోన్ ముందు నుంచి వచ్చే శబ్దం, వెనక నుంచి వచ్చేది ఒకదానికొకటి ఎదురు. రెండూ కలిస్తే బేస్ మాయం. కాబట్టి బిగించే పలక గట్టిగా ఉండాలి, చుట్టూ ఎక్కడా సందు ఉండకూడదు.

ఇక్కడ బిగించినతని పనితనం చెప్పాలి. హన్మకొండలో కార్ల ఆడియో పని చేసే తమ్ముడు, బోటు దగ్గరికే వచ్చి చేశాడు. డ్రైవర్ ముందున్న కన్సోల్ కింద, కాళ్ల దగ్గర చోటు చూశాడు. నీటి మట్టానికి పైన. కోయకముందు లోపలికి చెయ్యి పెట్టి స్టీరింగ్ కేబుల్ ఎటు పోతుంది, పెట్రోల్ పైపు ఎటు పోతుంది అని తడిమి చూసుకున్నాడు. పెట్రోల్ ట్యాంకు ఉన్న అరలో మాత్రం ఆంప్, స్విచ్చు ఏదీ పెట్టనని ముందే చెప్పేశాడు. అక్కడ ఆవిరి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఫైబర్ అక్కడ పలుచగా ఉంది, వేలితో కొడితే డప్పులా మోగుతోంది. వెనకాల మెరైన్ ప్లైవుడ్ రింగ్ కోసి ఎపాక్సీ జిగురుతో అతికించి, అది ఆరేదాకా కదలనివ్వలేదు. తర్వాత గ్యాస్కెట్, స్టెయిన్‌లెస్ స్క్రూలు. మళ్లీ కొట్టి చూస్తే మోత లేదు.

తర్వాత వైర్ల దగ్గరికి వచ్చాడు. వోల్టేజీ మీటర్ పెట్టి మా బావకి చూపించాడు. "అన్నా, చూడు, బ్యాటరీ కాడ పన్నెండున్నర ఉన్నది, పాట గట్టిగ పెడితే ఆంప్ కాడికి పదకొండు కూడ వస్తలేదు. నీ కరెంటు వైరే తింటున్నది." పాత వైరు పైకి లావుగా ఉంది, లోపల అల్యూమినియం మీద రాగి పూత. దాన్ని తీసేసి తగరం పూత ఉన్న అసలు రాగి వైరు, 4 గేజ్, వేశాడు. 30 ఆంపియర్లు లాగినా పోను రాను 8 మీటర్ల మీద పోయేది 0.2 వోల్టే. ఫ్యూజు ఆంప్ దగ్గర కాకుండా బ్యాటరీ పక్కనే పెట్టాడు, వైరు మధ్యలో ఎక్కడ రాసుకున్నా ముందు అదే పోవాలి. పాటలకు వేరే బ్యాటరీ, ఇంజిన్ స్టార్ట్‌కి వేరే బ్యాటరీ. దీని మీద ఖర్చు తగ్గించకండి, చెరువు మధ్యలో జనాన్ని పెట్టుకుని సెల్ఫ్ కొట్టకపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇక శబ్దం. 80 హెర్ట్జ్ కంటే కింది స్వరాలు సబ్‌కే పోయేలా ఫిల్టర్ పెట్టి, పక్క స్పీకర్లకు అవి పోకుండా ఆపేశాం. దాంతో పక్క స్పీకర్లు కూడా తేటగా పాడుతున్నాయి, ఇది నేను ఊహించని లాభం. సబ్‌కి ప్లస్ మైనస్ వైర్లు ఒకసారి తారుమారు చేసి, సీట్లో కూర్చుని విని, ఎటు ఎక్కువ నిండుగా ఉందో అటే ఉంచాం. బతుకమ్మ పాట పెడితే చప్పట్ల కింద నిలిచే దరువు ఇప్పుడు వెనక సీటు దాకా వస్తుంది. తీన్మార్ పెడితే డప్పు మీద చిర్ర దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ విడివిడిగా తెలుస్తున్నాయి, కింద కిక్ డ్రమ్ము మోత ముద్దగా కలవట్లేదు. ముందు అంతా ఒకటే గుయ్యిమనేది. ఇంజిన్ నెమ్మదిగా ఉన్నంతసేపు అద్భుతం, పూర్తి స్పీడులో మాత్రం సగం గాలికే పోతుంది. దానికి ఏ సబ్ ఏమీ చేయలేదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. ధర ఎక్కువ, హన్మకొండలో దొరకదు, తెప్పించుకోవాలి. డీజే బండి దగ్గర కడుపులో గుద్దుతుందే, ఆ లోతు ఇందులో రాదు, అలాంటిది కావాలంటే 12 అంగుళాలు, డబ్బా, పెద్ద ఆంప్, పెద్ద బ్యాటరీ అని లెక్క పెరుగుతూ పోతుంది. లైట్లు వెలిగే మోడల్ కూడా ఉంది, మేము వద్దనుకున్నాం. ఆ డబ్బు వైరుకే పోయింది.

ఒక్క మాట బోటు నడిపే వాళ్లకి. సాయంత్రం నీటి మీద గాలి చల్లబడితే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం పోతుంది, అవతలి ఒడ్డున ఊళ్లో ముసలోళ్లకి ఇబ్బంది, పాకాల లాంటి అభయారణ్యం దగ్గరైతే పిట్టలకీ జంతువులకీ ఇబ్బంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్ స్పీకర్లకు ఎలాగూ అనుమతి లేదు. మేము డ్రైవర్ చేతికి అందేలా ఒక మ్యూట్ స్విచ్ పెట్టించాం. లైఫ్ జాకెట్ వేసుకోండి, నిలబడకండి అని అరిస్తే జనానికి వినపడాలి కదా. మేడారం జాతర అప్పుడు ఇటు వచ్చే జనం మామూలుగా ఉండదు, ఆ రద్దీలో సబ్ కంటే ఆ స్విచ్చే ఎక్కువ పని చేస్తుంది. మీరు పెట్టించుకుంటే సబ్‌తో పాటే అది కూడా వేయించుకోండి, విడిగా చేయిస్తే కన్సోల్ మళ్లీ విప్పాలి.