కెనడాలో కొత్తవారికి ఉచిత సెటిల్‌మెంట్ సేవలు: ఎంతవరకు పనికొస్తాయి?

పీఆర్ (శాశ్వత నివాస హోదా)తో టొరంటో చుట్టుపక్కల దిగే తెలుగు కుటుంబాలలో చాలామంది మొదటి కొన్ని నెలలు వాట్సాప్ గ్రూపుల మీద, తమకంటే ముందు వచ్చిన బంధువుల మాట మీద ఆధారపడి నెట్టుకొస్తారు. కెనడా వలస శాఖ ఐఆర్‌సీసీ ఇచ్చే నిధులతో దేశమంతటా 500కు పైగా సంస్థలు కొత్తవారికి పైసా తీసుకోకుండా సాయపడుతున్నాయన్న సంగతి వారిలో కొందరికి తెలియదు. తెలిసినవారు ఉచితంగా ఇచ్చేదానిలో ఏముంటుందిలే అని తీసిపారేస్తారు. టొరంటో పక్కనే ఉన్న మిస్సిసాగాలో మా కుటుంబం వెళ్లిన కేంద్రాన్ని బట్టి చెప్పాలంటే, కాగితాల పనికీ భాషకూ ఈ సేవ ఎంతో నమ్మదగినది. ఉద్యోగం విషయంలో మాత్రం ఆశలు కాస్త తగ్గించుకునే వెళ్లాలి.

పీఆర్ కార్డుగానీ, దిగినప్పుడు ఇచ్చిన ధ్రువీకరణ పత్రంగానీ చూపితే ఒక సెటిల్‌మెంట్ వర్కర్‌ను కేటాయిస్తారు. సిన్ నంబరు (ఉద్యోగానికీ పన్నులకూ కావలసిన గుర్తింపు సంఖ్య), ఆరోగ్య కార్డు ఎవరైనా తెచ్చుకోగలరు, వాటికి వీరి అవసరం పెద్దగా ఉండదు. వీరి విలువ తెలిసేది పిల్లల భత్యం దరఖాస్తు దగ్గర. ఆర్‌సీ66 అనే ఆ దరఖాస్తు పత్రంతో పాటు కొత్తవారు నింపవలసిన అనుబంధ పత్రంలో, కెనడాకు రాకముందు భార్యాభర్తలు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఆ ఆదాయాన్ని కెనడా డాలర్లలో చూపమంటారు. అక్కడి సంపాదనతో వీళ్లకేం పని, సున్నా వేసేయండి అని మాకు సలహా ఇచ్చినవారు ఒకరిద్దరు కాదు. మా వర్కర్ ఆ పత్రాన్ని బల్ల మీద పరిచి, దిగిన ఏడాదిలో జనవరి 1 నుంచి దిగిన తేదీ వరకు వచ్చిన ఆదాయం ఒక గడిలో, అంతకుముందు రెండేళ్లది విడివిడిగా వేరే గడులలో రాయాలని వేలుపెట్టి చూపించారు. ఈ భత్యాన్ని కుటుంబ ఆదాయాన్ని బట్టే లెక్కగడతారు గనుక, ఆదాయం దాచి ఎక్కువ తీసుకుంటే తర్వాత తిరిగి కట్టవలసి వస్తుందని కూడా ఆమే చెప్పారు. ఇండియాలోని డ్రైవింగ్ అనుభవం ఒంటారియోలో ఏడాదికి మించి లెక్కకు రావాలంటే లైసెన్సు ఇచ్చిన కార్యాలయం నుంచిగానీ కాన్సులేట్ నుంచిగానీ అధికారిక లేఖ కావాలన్నది అక్కడే తెలిసింది. ఆ లేఖను ఆర్టీఓ కార్యాలయంలో విమానం ఎక్కకముందే తీసుకోవడం మేలు.

ఇంగ్లీషు తరగతులు, అంటే 1992లో మొదలైన లింక్ కార్యక్రమం, ఈ సేవలన్నింటిలో నాకు మిక్కిలి నచ్చినది. ముందుగా చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం విడివిడిగా పరీక్షించి, పన్నెండు స్థాయుల కొలమానంలో మన స్థాయి ఎక్కడో నిర్ణయిస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఏళ్లు గడిపినవారికి దీని అవసరం ఉండకపోవచ్చు. ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివిన మా తోడికోడలు మాత్రం ఫోన్ మోగితే మా మరిది చేతికి ఇచ్చేసే మనిషి. ఆ తరగతిలో హీటర్ పని చేయడం లేదని ఇంటి యజమానికి ఫోన్ చేయడం, డాక్టరు క్లినిక్‌కు వాయిస్ మెయిల్ పెట్టడం వంటివి పదేపదే సాధన చేయించడంతో, ఇప్పుడు ఫార్మసీకి తానే ఫోన్ చేసి మందులు రీఫిల్ చేయించుకుంటోంది. కొన్ని కేంద్రాలలో తరగతి జరుగుతున్నంతసేపూ పసిపిల్లలను చూసుకునే ఏర్పాటు ఉంటుంది. 18 నుంచి 54 ఏళ్లవారు పౌరసత్వానికి చూపవలసిన భాషా రుజువుగా, వినడం మాట్లాడడంలో నాలుగో స్థాయి పూర్తిచేసిన లింక్ సర్టిఫికెట్టు చెల్లుతుంది.

ఉద్యోగ సలహాల దగ్గర నాకు అసంతృప్తి మిగిలింది. రెజ్యూమేలో ఫొటో, వయసు, తండ్రి పేరు తీసేయమనడం వరకు బాగానే ఉంది. కానీ అకౌంట్స్‌లో పదేళ్లు పనిచేసిన మా వారికి ముందుగా గోదాములో చేరమని సలహా ఇవ్వడం, అదే తరగతిలోని నర్సుకూ అదే మాట చెప్పడం చూస్తే, వచ్చిన మనిషిని బట్టి కాక అందరికీ ఒకే పాఠం అప్పజెబుతున్నారనిపించింది. నర్సులు, ఇంజనీర్లు, టీచర్లు నేరుగా తమ వృత్తిని నియంత్రించే సంస్థను సంప్రదించడమే మంచిది. పాతిక మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు తమ ఉద్యోగ ప్రకటనల్లో కెనడా అనుభవం కావాలని అడగకూడదని ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది; సలహాదారులు దాని గురించి చెప్తే ఇంకా ఉపయోగంగా ఉండేది.

ఇంతకంటే పెద్ద లోపం నిబంధనల్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ఈ సేవలు సాధారణంగా విద్యార్థులకూ, వర్క్ పర్మిట్ వారికీ, సూపర్ వీసా (పిల్లల దగ్గర ఎక్కువ కాలం ఉండేందుకు ఇచ్చే సందర్శక వీసా) మీద వచ్చిన తల్లిదండ్రులకూ వర్తించవు. మన పిల్లల్లో ఎక్కువమంది వచ్చేదే చదువు కోసం. సాయం అవసరమైన సమయంలో వారికి దిక్కు కళాశాల కార్యాలయం, తెలుగు సంఘాలు, గుడి దగ్గర పరిచయమైన పెద్దలు. చాలా పబ్లిక్ లైబ్రరీలలో జరిగే ఇంగ్లీషు సంభాషణ బృందాలకు ఎవరైనా వెళ్లవచ్చు గనుక, మా అత్తగారు అక్కడికే వెళ్తున్నారు. పంజాబీ, హిందీ, ఉర్దూ మాట్లాడే సిబ్బంది మా కేంద్రంలో ఉన్నారు, తెలుగు వచ్చినవారు లేరు. ఇంగ్లీషూ హిందీ రెండూ రాని పెద్దవారిని తీసుకెళ్లేటట్లయితే, దుబాసీ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి.

2025కు కొత్త పీఆర్‌ల లక్ష్యాన్ని 3,95,000కు తగ్గించాక ఈ సంస్థల నిధులపైనా కోత పడింది. మా కేంద్రంలో సాయంత్రం తరగతులకు వరుస చాలా పొడుగ్గా ఉంది. కాబట్టి వచ్చిన మొదటి వారంలోనే భాషా పరీక్షకు పేరు ఇచ్చి, పగటి తరగతికైనా సరేనని రాసి ఇస్తే సీటు త్వరగా దొరికే వీలుంటుంది.