హార్ట్స్ కొండల్లో నడవాలనుకునేవాళ్ళు ముందు ఈ స్టాంపుల బుక్ కొనుక్కోండి

మేము ఉండేది జర్మనీలో మాగ్డెబర్గ్‌లో, యూనివర్సిటీ వల్ల ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు, వీకెండ్ వస్తే అందరూ అడిగేది ఒకటే, దగ్గర్లో కొండలేమైనా ఉన్నాయా అని. మా ఊరు బల్లపరుపుగా ఉంటుంది, కానీ రైలెక్కితే గంటన్నర లోపు హార్ట్స్ కొండల కిందకి చేరిపోవచ్చు. మొదటి ఏడాది మేమూ అందరిలాగే బ్రోకెన్ శిఖరం ఎక్కాం, ఫోటోలు దిగాం, హార్ట్స్ చూసేశాం అనుకుని వచ్చేశాం. అది ఎంత పొరపాటో ఈ బుక్ చేతికొచ్చాకే తెలిసింది.

బుక్ పేరు హార్ట్సర్ వాండర్‌నాడెల్, అంటే హార్ట్స్ నడక బ్యాడ్జి అనుకోండి. జేబులో పట్టే చిన్న పుస్తకం, ధర కొద్ది యూరోలే, అక్కడి ఊళ్ళలో టూరిస్ట్ ఆఫీసుల్లో దొరుకుతుంది. కొండలన్నిటి మీదా కలిపి 222 చోట్ల చిన్న చెక్కపెట్టెలు పెట్టారు, ఒక్కోదానిలో ఒక స్టాంపు ఉంటుంది, మనం నడిచి వెళ్ళి ఆ నంబర్ గడిలో గుద్దుకోవాలి. 8 అయితే బ్రాంజ్ బ్యాడ్జి, 16 కి సిల్వర్, 24 కి గోల్డ్, 50 అయితే నడక రాజు, మొత్తం 222 పూర్తి చేస్తే నడక చక్రవర్తి! పిల్లలకైతే 11 చాలు, యువరాజు లేదా యువరాణి అవుతారు. టైం లిమిట్ అంటూ ఏమీ లేదు, పదేళ్ళు పట్టినా పర్లేదు.

స్టాంపులంటే పిల్లల ఆట కదా అనుకుంటారేమో, నాకు ఇది ప్లానింగ్‌కి పనికొచ్చినట్టు ఇంకేదీ పనికి రాలేదు. ఎందుకంటే కొత్త కొండ ప్రాంతానికి వెళ్తే మనకి తెలిసేది ఒక్క పెద్ద శిఖరం పేరే, నెట్‌లో వెతికినా అదే వస్తుంది, అందరూ అక్కడికే వెళ్తారు. ఈ పెట్టెలు పెట్టినవాళ్ళు ఆ కొండలు బాగా తెలిసినవాళ్ళు, పాడుబడ్డ కోట గోడ, గని మూతి, లోయ మీదకి తొంగిచూసే బండ, అడవి మధ్యలో చెరువు గట్టు ఇలాంటి చోట్లే ఎంచి పెట్టారు. మ్యాప్ ముందేసుకుని దగ్గర దగ్గరగా ఉన్న మూడు నాలుగు నంబర్లు చూసుకుని, వాటిని కలుపుతూ ఒక చుట్టు గీసుకుంటే ఆ రోజు నడక సిద్ధం, మా ఏడేళ్ళ పాప కూడా ఇప్పుడు అలా వేలితో గీసి చూపిస్తుంది.

బ్రోకెన్ స్టాంపు నంబర్ 9. ఎత్తు 1141 మీటర్లే, హిమాలయాలతో పోల్చకండి, కానీ ఉత్తర జర్మనీలో అంతకంటే ఎత్తు లేదు, అందుకే గాలి మొత్తం దాన్నే కొడుతుంది, 1984లో అక్కడ గంటకి 263 కిలోమీటర్ల వేగం రికార్డయింది. ఏడాదిలో ఎక్కువ రోజులు పైన పొగమంచు తెరలే. కింద వెర్నిగెరోడె ఊళ్ళో టీషర్టు మీద తిరిగినా పైకి జాకెట్ తప్పనిసరి, ఈ మాట నేను ప్రతి కొత్తవాళ్ళకీ చెప్తాను, సగం మంది వినరు.

పోయిన వేసవిలో అమ్మా నాన్నా ఒంగోలు నుంచి వచ్చారు. అమ్మకి మోకాళ్ళ నొప్పి. అందుకని షీర్కె ఊరి నుంచి వాళ్ళిద్దరినీ ఆవిరి రైలెక్కించి, మేము ముగ్గురం ఎకర్‌లోఖ్ దారిలో ఎక్కాం, దాదాపు 6 కిలోమీటర్లు, పై భాగం అంతా రాళ్ళ మీద అడుగులేసుకుంటూ పోవాలి. టికెట్ ధర మాత్రం బాగానే ఉంటుంది, ముందే చూసుకోండి, మామూలు రైలు పాస్ ఉంది కదా అని ఎక్కకూడదు. పైన అమ్మ తన బుక్‌లో స్టాంపు గుద్దుకుని, అచ్చం తిరుమల కాలినడకలో టోకెన్ మీద ముద్ర వేయించుకున్నట్టే ఉందే అంది. 3550 మెట్లు ఎక్కిన మనిషి, ఈసారి రైలెక్కి వచ్చానే అన్న బాధ మాటలో తెలుస్తూనే ఉంది. దిగేటప్పుడు కాసేపైనా నడుస్తానని తారు రోడ్డు మీద నెమ్మదిగా ఓ కిలోమీటరు దాకా నడిచి, మళ్ళీ వెనక్కి స్టేషన్‌కి వచ్చింది. అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు.

అదే శిఖరం మీద నిలబడి నాన్నకి ఇంకో సంగతి చెప్పాను. రెండు జర్మనీలు ఉన్నప్పుడు సరిహద్దు ఈ కొండల మధ్యగానే పోయేది, 1961 నుంచి ఈ శిఖరం మామూలు జనానికి బంద్, పైన సైన్యం, నిఘా యాంటెన్నాలు. బెర్లిన్ గోడ పడ్డాక కూడా వెంటనే తెరవలేదు, 1989 డిసెంబర్ 3న జనం గుంపుగా నడిచొచ్చి గేటు తెరిపించారు. 28 ఏళ్ళు కళ్ళ ముందే ఉన్న కొండ ఎక్కలేకపోవడం అంటే ఏంటో ఆలోచించండి. జోర్గె అనే పల్లె దగ్గర పాత కంచె, కాపలా గోపురం అలాగే ఉంచారు, ఆ పక్క అడవిలోనూ ఒక స్టాంపు ఉంది, అది లేకపోతే మేము ఆ పల్లె పేరు కూడా వినేవాళ్ళం కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం క్లౌస్టాల్ అనే ఊరి వైపు చెరువులు. అక్కడ వందల ఏళ్ళు వెండి, సీసం గనులు నడిచాయి, గనిలో ఊరే నీళ్ళు తోడటానికీ, రాయి పైకి లాగటానికీ నీటి చక్రాలే దిక్కు, ఆ చక్రాలకి నీళ్ళివ్వడానికి వందకి పైగా చెరువులు, వందల కిలోమీటర్ల కాలవలు తవ్వారు. 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మా నాన్న వ్యవసాయం చేసిన మనిషి, కట్ట మీద నిలబడి తూము ఎక్కడ, అలుగు ఎక్కడ అని వెతికి, రెండూ కనిపెట్టి, కాలవ వాలు ఎంత తక్కువగా పెట్టారో చూడు అంటూ గంటసేపు అక్కడే ఉన్నారు. ఆ కాలవ గట్ల వెంబడే దారులు, ఎక్కుడు దిగుడు దాదాపు లేదు, అందుకే అమ్మ కూడా మాతో సమానంగా 5 కిలోమీటర్లు నడిచింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బ్రోకెన్ కంటే ముందు ఇది పెట్టుకోండి, నా మాట నమ్మండి.

ఇక లోపాలు. బుక్‌లో దూరం ఎంత, ఎక్కుడు ఎంత, బస్సు ఎక్కడ ఆగుతుంది అన్నది మీకు ప్లాన్ చేసి పెట్టినట్టు ఉండదు, ఇది ఒక్కటే నమ్ముకుని బయల్దేరితే ఇబ్బంది. స్టాంపులన్నీ గుర్తుపెట్టిన కాగితం మ్యాప్ విడిగా కొనుక్కోండి, అడవిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. అంతా జర్మన్‌లోనే, భాష రానివాళ్ళు ఇంట్లోనే కూర్చుని ఓసారి చదువుకోవాలి. ఒకసారి పెట్టెలో ఇంకు ఎండిపోయి ముద్ర సరిగ్గా పడలేదు, పాప ఏడుపు ఆపడం మా వల్ల కాలేదు, అప్పటి నుంచి చిన్న ఇంకు ప్యాడ్ బ్యాగ్‌లో ఉంటుంది.

బస్సుల సంగతి గట్టిగా చెప్తున్నా. ఆదివారం చిన్న ఊళ్ళకి బస్సులు బాగా తక్కువ, మేము ఒక పల్లెలో పది నిమిషాల తేడాతో బస్సు పోగొట్టుకుని రెండు గంటలు స్టాప్‌లో కూర్చున్నాం, షాపులన్నీ మూత, పొద్దున కట్టుకెళ్ళిన పులిహోర, పెరుగన్నమే ఆదుకున్నాయి. కాబట్టి ముందు తిరుగు బస్సు టైం చూసి, దాన్ని బట్టి నడక పెట్టుకోండి. రాత్రికి ఉండేట్టయితే హాటిక్స్ అనే బస్సు టికెట్ అడగండి, చాలా ఊళ్ళలో బస చేసేవాళ్ళకి గెస్ట్ కార్డుతో పాటు అది ఇస్తారు, లోకల్ బస్సులు ఫ్రీ. పొడుగు ప్యాంటు వేసుకోండి, ఇంటికొచ్చాక పిల్లల ఒంటి మీద అడవి పిడుదులు ఉన్నాయేమో వెతకండి.

ఇంకోటి, ఎండిపోయిన చెట్లు చూసి భయపడకండి. కొండలకి కొండలు బూడిద రంగు మోడులే. అమ్మ చూసి అగ్గి పడిందా అని అడిగింది. 2018 నుంచి వరుస కరువులు, దానికి తోడు బెరడు తొలిచే పురుగు. గనులకి కలప కావాలని ఎక్కడ చూసినా ఒకే రకం స్ప్రూస్ చెట్లు నాటేశారు, అందుకే ఒక్కసారిగా పోయాయి. నేషనల్ పార్క్ వాళ్ళు చాలా చోట్ల మోడుల్ని అలాగే వదిలేశారు, వాటి సందుల్లో బర్చ్, రోవన్ మొక్కలు వాటంతటవే లేస్తున్నాయి, పాప పుట్టిన కొత్తలో ఖాళీగా ఉన్న వాలు మీద ఇప్పుడు మొక్కలు పాప కంటే ఎత్తు పెరిగాయి. గాలి గట్టిగా ఉన్న రోజు మాత్రం ఆ మోడుల మధ్యకి పోవద్దు, దారి మూసేశారని బోర్డు ఉంటే దాటొద్దు.

నా లెక్కన అయిదుకి నాలుగున్నర. పాప యువరాణి అయిపోయింది, బ్యాడ్జి స్కూల్ బ్యాగ్‌కే ఉంటుంది. అమ్మకి 5 స్టాంపులయ్యాయి, బుక్ ఒంగోలు పట్టుకెళ్ళింది, బ్రాంజ్‌కి ఇంకో మూడు కావాలి, వచ్చే జూన్‌లో వస్తానంది. ఆ మూడూ ఒకే రోజులో, చెరువు గట్ల మీద, ఎక్కుడు లేకుండా అయ్యే దారి కోసం మ్యాప్ చూస్తున్నా, పెద్దవాళ్ళతో నడిచినవాళ్ళెవరైనా ఉంటే ఏ నంబర్లో చెప్పండి.