ఉప్పు గాలిలో బంగారు పూత: నరసాపురంలో రెండేళ్ల వాడకం

నా గిటార్‌కు నేను మొదట కొన్న బంగారు పూత బ్రిడ్జి, అంటే తీగలు ఆనే లోహపు ముక్క, నాలుగు నెలలు కూడా నిలవలేదు. ఆరో తీగ ఆనే చిన్న దిమ్మె (శాడిల్) పక్కన, కుడి అరచేతి అంచు ఆనే చోట, పెసరగింజంత మేర పసుపు పోయి తెల్లటి నికెల్ బయటపడింది. వానాకాలం వచ్చేసరికి దాని చుట్టూ పచ్చటి చిలుము. ఇత్తడి పాలిష్‌తో రుద్దాను. గుడ్డకు నల్లటి మరక అంటింది. చిలుముతో పాటు మిగిలిన బంగారమూ ఆ మరకలోకే పోయింది. ఆన్‌లైన్‌లో కొన్న ఆ బ్రిడ్జిని దుకాణం వెనక్కి తీసుకోలేదు.

నేను నరసాపురంలో ఉంటాను. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను, ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాను. నెలకు రెండుసార్లు గిటార్ వీపున వేసుకుని పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్తాను. పంటు దిగేసరికే కేసు తాళాలు చేతికి జిడ్డుగా తగులుతాయి. ఇలాంటి చోట బంగారు పూత ఎందుకని మిత్రులు అడుగుతారు. నాది నల్లటి ఎలక్ట్రిక్ గిటార్, గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ నమూనా ఆకారంలో ఉంటుంది. 1954లో గిబ్సన్ తెచ్చిన లెస్ పాల్ కస్టమ్ నలుపు మీద బంగారంతోనే వచ్చింది. ఆ జోడీ నాకు ప్రాణం.

రెండోసారి తొందరపడలేదు. కళాశాల ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్‌తో ముందు అన్నీ కొలిచాను. తలభాగంలో ట్యూనర్ (తీగను బిగించే మీట) రంధ్రం 10 మిల్లీమీటర్లు. గోతో కంపెనీ ఎస్‌జి381 ట్యూనర్లకు సరిగ్గా అంతే కావాలి. జపాన్ సరుకు, గేరు నిష్పత్తి 16:1, అంటే మీట పదహారు చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే కడ్డీ ఒక చుట్టు తిరుగుతుంది. చెక్కకు చిల్లు పెట్టే పని లేకుండా బిగిసిపోయాయి. క్రోమ్ సెట్టు కంటే ధర ఎక్కువే. అయినా రెండేళ్లయింది, మీటల అంచుల్లో సైతం పసుపు చెక్కుచెదరలేదు. ట్యూనర్లను వేలికొసలు కాసేపు తాకుతాయి, అంతే. చేతి చెమటంతా మోసేది బ్రిడ్జి. ఈ తేడా నాకు ముందే తట్టి ఉంటే మొదటి డబ్బు మిగిలేది.

తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ల మీది కవర్ల దగ్గర రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది రంధ్రాల దూరం; తీగకొకటి చొప్పున పికప్‌లోని లోహపు పోల్‌లు వీటిలోంచే కనిపిస్తాయి. నా గిటార్‌లో మెడ వైపు పికప్‌కు మొదటి పోల్ నుంచి ఆరో పోల్ దాకా 50 మిల్లీమీటర్లు, బ్రిడ్జి వైపు దానికి 52. రెండూ ఒకటే అనుకుని కొంటే ఒకటి పట్టదు. రెండోది లోహం. పైన పూత ఏదైనా కవరు జర్మన్ సిల్వర్‌తో చేసింది కావాలి. పేరులోనే వెండి, నిజానికి అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. విడి కవరుకు అయస్కాంతం ఆనించి చూడండి. గట్టిగా అతుక్కుంటే అది ఇనుము, శబ్దం మందగిస్తుంది. అతుక్కోనంత మాత్రాన జర్మన్ సిల్వరే అనుకోకూడదు, ఇత్తడీ అతుక్కోదు. అందుకే లోహం పేరు స్పష్టంగా రాసిన చోటే కొన్నాను. మా వీధి టీవీ మెకానిక్ చేత కవర్లను కింది పలకకు టంకం వేయించాను. వదులుగా వదిలేస్తే శబ్దం పెంచినప్పుడు కూత పెడతాయి.

ఇక సంరక్షణ. బంగారం తుప్పు పట్టదు కదా, మరి చిలుము ఎక్కడిదని నా విద్యార్థి ఒకరు అడిగారు. పూత పలచన, అందులో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. ఉప్పు తడి వాటి గుండా కింది లోహాన్ని చేరుతుంది. బంగారంతో ఆనుకుని ఉండటం వల్ల ఆ లోహాన్ని చిలుము ఇంకా వేగంగా తినేస్తుంది. చిలకలపూడి నగలు వాడిన ఇళ్లలో ఈ సంగతి పాఠం చెప్పకుండానే తెలుసు. మా అమ్మ గిల్టు గాజులను స్నానానికి ముందే తీసి, తుడిచి, దూదిలో పెట్టేది. నేను గిటార్‌కు అదే చేస్తున్నాను. వాయించగానే ఉతికిన పాత నూలు చీర ముక్కతో తుడుస్తాను. రుద్దను, అద్దుతాను. శాడిళ్ల సందుల్లోకి మెత్తటి కుంచె. చింతపండు, టూత్‌పేస్టు, లోహపు పాలిష్, ఏదీ దగ్గరికి రానివ్వను. అసలు బంగారానికి వాడే కుంకుడు రసమూ వద్దు, ఆ తడి మరమేకుల సందుల్లో నిలిచిపోతుంది. కేసులో సిలికా జెల్ సంచులు నాలుగు ఉంటాయి. వానాకాలంలో నెలనెలా మారుస్తాను.

ట్యూనర్లకు, కవర్లకు నా మార్కులు ఐదుకు ఐదు. బ్రిడ్జికి మాత్రం, రోజూ వాయించే వారెవరికీ మన తీరంలో బంగారు పూత కొనమని చెప్పను. అరచేయి ఆనించి వాయించే అలవాటుంటే అసలే వద్దు. నేను నికెల్ బ్రిడ్జి వేసి, దాన్ని పట్టి ఉంచే రెండు స్తంభాలు, తీగల చివరలను పట్టుకునే తోకముక్క మాత్రం బంగారువే ఉంచాను. స్తంభాల మరలు కొనే ముందు కొలవండి. ఆసియాలో తయారైన చాలా గిటార్లకు 8 మిల్లీమీటర్ల మెట్రిక్ మర ఉంటుంది, అమెరికా కొలతది అందులో దిగదు. చర్చిలో మూడో వరుస నుంచి చూస్తే నికెల్ తేడా తెలియదని మా పాటల బృందంలోని అక్క చెప్పారు. దగ్గరికి వస్తే తెలుస్తుంది, నాకది ఇబ్బంది అనిపించలేదు.